కలిమికి లేచే ఈగలు, లేమికి లేచే ఈగలు



సంక్రాంతి వెళ్లి, నూకాలమ్మ తల్లి కొత్తమావాస్య జాతర వచ్చేలోపు మన అనకాపల్లి జిల్లాలో తేనెటీగల పెట్టెలున్న ప్రతి ఇంట్లోనూ ఒక మాట తేలాలి. ఈ పెట్టె దగ్గర ఈ ఏడు తేనె తీసుకుందామా, లేక దీన్ని రెండు పెట్టెలు చేసుకుందామా? ఇంట్లో వాళ్లు కూర్చుని ఈ మాట తేల్చుకోకపోతే ఈగలే తేల్చేస్తాయి. ఎండ బాగా కాసిన ఒక పూట, ఏ పదకొండు గంటల వేళో, సగానికి సగం ఈగలు ముసలి రాణిని వెంటబెట్టుకుని బయటికొచ్చేస్తాయి. కాసేపు గాల్లో సుడి తిరిగి దగ్గర్లో ఏదో కొమ్మ పట్టుకుంటాయి. మిగిలిన ఈగలతో ఆ పెట్టె ఈ పూతకు చెప్పుకోదగ్గ తేనె ఇవ్వదు. వెంటనే పట్టుకోకపోతే వెళ్లినవి ఇక మనవి కావు.

ఈగలు ఇలా లేచిపోవడానికి కారణాలు రెండు. ఒకటి కలిమి, రెండోది లేమి. పూత బాగా వచ్చి, తిండి ఎక్కువై, పిల్లలు ఎక్కువై, పెట్టె చాలక సగం ఈగలు విడిపోవడం మొదటి రకం. తిండి దొరక్కో, చీమలూ మైనపు పురుగూ పీడించో, వేడి తట్టుకోలేకో మొత్తం పెట్టె ఖాళీ చేసి పోవడం రెండో రకం. మొదటిది మనకు జనవరి నుంచి మార్చి దాకా ఉండే బెంగ, రెండోది వానాకాలపు బెంగ. రెండూ కూడా మనం తేనె ఎప్పుడు తీశాం, ఎంత తీశాం, ఎంత వదిలిపెట్టాం అన్నదానితో ముడిపడి ఉన్నాయి. గుంపు లేచిపోకుండా ఆపడం ఒక విద్య, తేనె తీయడం మరో విద్య అనుకుని విడివిడిగా నేర్చుకుంటే రెండూ సగం సగమే వస్తాయి.

మాది మాడుగుల వైపు, కొండ కింద జీడితోట. పెట్టెల్లో ఉన్నది పుట్టతేనె ఈగ. పుట్టల్లోనూ, చెట్టు తొర్రల్లోనూ, పాత గోడల సందుల్లోనూ పక్కపక్కనే వరసగా పట్లు కట్టుకునే మన నాటు ఈగ అన్నమాట. కొండ తేనె ఈగ వేరు. అది పెద్ద చెట్లకూ బండలకూ ఒకటే పెద్ద పట్టు కడుతుంది. దాన్ని పెట్టెలో పెట్టడం ఎవరి తరమూ కాదు. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ గ్రామాల్లో కొనే అడవి తేనెలో ఆ కొండ తేనె ఉంటుంది. ఇక ఇటలీ ఈగ అని మనం పిలిచేది 1960ల్లో పంజాబు, హిమాచల్ వైపు నిలదొక్కుకుని, అక్కణ్ణుంచి దేశమంతా వచ్చింది. అది తేనె ఎక్కువే ఇస్తుంది. కానీ పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెల్ని లారీల మీద తిప్పగలిగిన వాళ్లకే అది లాభం. ఇంటి పట్టున ఉండి, పొలం పనీ పశువుల పనీ చూసుకుంటూ పది పెట్టెలు పెట్టుకునే కుటుంబానికి నాటు ఈగే నయమని నా అభిప్రాయం. పెట్టెకు ఏడాదికి మూడు నుంచి అయిదు కిలోల తేనె వస్తుంది, పూత కలిసొచ్చిన ఏడు ఇంకాస్త. తక్కువగా అనిపిస్తుంది కానీ, అదే ఈగ తోటలో జీడి కాపుకూ మామిడి కాపుకూ చేసే మేలు ఆ లెక్కలో రాదు.

ఈ నాటు ఈగకు సరిపడే పెట్టె మన దక్షిణాదిలోనే పుట్టింది. తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే క్రైస్తవ గురువు 1910 ప్రాంతంలో ఒక చిన్న పెట్టె తయారు చేసి, 1911 నుంచి 1917 దాకా దక్షిణాదిలో ఎంతోమందికి ఈగల పెంపకం నేర్పించారు. న్యూటన్ పెట్టె అని నేటికీ ఆయన పేరే నడుస్తోంది. కింద పిల్లల అర, పైన తేనె అర. రెండింటిలోనూ ఈగలు పట్టు కట్టే చట్రాలు, అంటే ఫ్రేములు, ఉంటాయి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఈగ తిరగడానికి ఎంత సందు కావాలో అంతే వదులుతారు. ఆ సందు రహస్యం 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన పట్టుకున్నారు. సందు ఎక్కువైతే ఈగలు అక్కడ అడ్డంగా పట్టు కట్టేస్తాయి, తక్కువైతే జిగురుతో మూసేస్తాయి. సరిగ్గా ఉంటే ఆ దారి దారిగానే ఉంటుంది, మనం ఫ్రేమును పైకి తీసి చూసి మళ్లీ దించగలం. ఇవాళ మనం గుంపు విడిపోవడాన్ని ముందే కనిపెట్టగలుగుతున్నామంటే ఆ సందు పుణ్యమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మార్గశిరం దాటేసరికి కొండవాలున జీడి పూత మొదలవుతుంది. దాని వెనకాలే మామిడి. పుప్పొడి గంపలకొద్దీ లోపలికి వస్తుంటే రాణి ఆగకుండా గుడ్లు పెడుతుంది. కూలి ఈగ గుడ్డు పెట్టిన నాటి నుంచి మూడు వారాల లోపే ఈగై బయటికి వస్తుంది. అంటే సంక్రాంతి నాటి గుడ్లన్నీ మాఘం నడిచేసరికి ఈగలైపోతాయన్నమాట. పెట్టె కిటకిటలాడుతుంది. రాణి ఒంటి నుంచి వచ్చే ఒక వాసన ఈగ నుంచి ఈగకు అందుతూ 'మన రాణి ఉంది' అన్న ధైర్యం ఇస్తుంటుంది. ఈగలు ఎక్కువైపోయినా, రాణి ముసలిదైపోయినా ఆ వాసన అందరికీ సరిగా అందదు. అప్పుడు కూలి ఈగలు కొత్త రాణి కోసం గదులు కట్టడం మొదలెడతాయి.

ఆ గదుల్ని గుర్తుపట్టడం ఇంట్లో ప్రతి ఒక్కరికీ రావాలి. మామూలు గదులు పట్టు మీద అడ్డంగా ఉంటాయి. రాణి గది మాత్రం పట్టు కింది అంచు నుంచి, మూతి నేలవైపు పెట్టి వేలాడుతుంది. ఒలవని చిన్న వేరుశనగ కాయను తలకిందులుగా అతికించినట్టు కనిపిస్తుంది. ఫ్రేములన్నీ బయటికి తీయనక్కర్లేదు. పై అర దించి పక్కన పెట్టి, కింద అరను వెనక్కి కొంచెం వంచి, అడుగు నుంచి ఓ దమ్ము పొగ వదిలితే ఈగలు పైకి జరుగుతాయి. కింది అంచులు కనిపిస్తాయి. అంతకు పదిరోజుల ముందే ఇంకో గుర్తు దొరుకుతుంది. అది పోతు ఈగల గదులు పెరగడం. నాటు ఈగల్లో పోతు ఈగ గది మూత ఉబ్బెత్తుగా ఉండి, నడిమిన సూది మొనంత రంధ్రం ఉంటుంది. అలాంటి గదులు చేతి వెడల్పున కనబడ్డాయంటే ఆ పెట్టెకు విడిపోయే ఆలోచన వచ్చిందని అర్థం.

చూడటం వారానికి ఒకసారి అంటారు. ఎందుకు వారమో చెప్తాను. రాణి గదిలో గుడ్డు మూడు రోజులు ఉంటుంది. తర్వాత అయిదు రోజులు పిల్ల పురుగు. ఎనిమిదో రోజుకల్లా గదికి మూత పడుతుంది. మూత పడిందా, ఎండ కాస్తున్న ఏ పూటైనా ముసలి రాణి గుంపుతో బయలుదేరిపోతుంది. కాబట్టి ఏడు రోజులకొకసారి చూస్తే మూత పడకముందే దొరుకుతుంది, పది రోజులకొకసారి చూస్తే చేతికి సగం ఖాళీ అయిన పెట్టె దొరుకుతుంది. మా ఇంట్లో చూసిన తేదీ పెట్టె మూత మీద సుద్దముక్కతో రాస్తాం. రాణి గది కనబడితే దాని పక్కన గుండ్రంగా సున్నా చుడతాం. రాసే పని పిల్లలది. పెద్దవాళ్లం మరిచిపోతాం గానీ వాళ్లు మరిచిపోరు.

రాణి గదులు కనబడగానే చాలామంది చేసే పని వాటిని గిల్లి పారేయడం. అది ఒక వారం గడువు ఇస్తుంది, అంతే. కారణం అలాగే ఉంటే ఈగలు మళ్లీ కడతాయి. ప్రతి వారం గిల్లుకుంటూ పోతే ఏదో ఒక ఫ్రేము మూలన ఒక గది మన కంటపడకుండా మిగిలిపోతుంది, ఆ ఒక్కటి చాలు. ద్వారానికి రాణి గేటు బిగించడం మరో పద్ధతి. కూలి ఈగలు దూరగలిగే సందుల్లోంచి రాణి దూరలేదు. గుంపు బయటికొచ్చినా రాణి లేక వెనక్కి వస్తుంది. ఇది కూడా నాలుగైదు రోజుల ఉపాయమే. ఆ గేటు ఉంటే పోతు ఈగలూ లోపలే చిక్కుకుంటాయి. కొత్త రాణి పుట్టినా జత కట్టడానికి బయటికి పోలేదు.

మరి ఏం చేయాలి? రాణి గదులు ఇంకా కట్టని పెట్టె అయితే చోటు ఇవ్వండి. పై అర పెట్టండి. కింద అరలో నల్లబడిన పాత పట్టు ఒకటి తీసి, మైనపు షీటు బిగించిన ఫ్రేము ఇవ్వండి. లేత ఈగలకు మైనం కట్టే పని దొరుకుతుంది, రాణికి గుడ్డు పెట్టే చోటు దొరుకుతుంది. పెట్టె మీద నీడ ఉండేలా చూడండి. రాణి రెండో ఏడు దాటితే మార్చేయండి. ఏడాది లోపు రాణి ఉన్న పెట్టెలు విడిపోవడం చాలా తక్కువ.

రాణి గదులు కట్టేశాక మాత్రం దారి ఒక్కటే. ఈగలు ఏం చేయబోతున్నాయో దాన్ని మనమే ముందుగా చేసేయడం. పెట్టెను మనమే రెండు చేయాలి. ముసలి రాణి ఉన్న ఫ్రేమును, దానితో ఇంకో రెండు మూడు పిల్లల ఫ్రేముల్ని, తేనె పుప్పొడి ఉన్న ఒక ఫ్రేమును ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చండి. ఆ కొత్త పెట్టెను పది పదిహేను అడుగుల అవతల పెట్టండి. మేతకెళ్లే ముదురు ఈగలు అలవాటు కొద్దీ పాత చోటుకే తిరిగొచ్చేస్తాయి. రాణి దగ్గర లేత ఈగలే మిగులుతాయి కాబట్టి దానికి విడిపోయే తొందర చల్లారుతుంది. రెండు మూడు సాయంత్రాలు ఆ పెట్టెకు కొంచెం చక్కెర నీళ్లు పెట్టి, ద్వారం ఇరుకు చేయండి. పాత పెట్టెలో బాగా ఎదిగిన రాణి గదులు ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయండి. ఇక్కడ తొందరపడొద్దు. గుడ్డు నుంచి రాణి బయటికి రావడానికి 16 రోజులు. వచ్చాక వారం పాటు ఒళ్లు గట్టిపడాలి, ఎండపూట ఎగిరి పోతు ఈగలతో జత కట్టాలి, మరికొన్ని రోజులకు గుడ్లు పెట్టాలి. ఆ రోజుల్లో పెట్టె మూత ఎత్తి చూస్తుంటే రాణి బెదిరిపోతుంది. ఈగలు పుప్పొడి మోసుకొస్తున్నాయా లేదా అని ద్వారం దగ్గర కూర్చుని చూడటమే మంచిది. ఆ తర్వాత ఒకసారి తెరిచి, ఒక్కో గదిలో ఒక్కో గుడ్డు అడుగున నిటారుగా నిలబడి ఉందా చూడాలి. ఒకే గదిలో మూడు నాలుగు గుడ్లు, అవీ గోడలకంటుకుని కనిపించాయంటే రాణి లేదని, కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని గ్రహించాలి. నాటు ఈగల్లో ఇది త్వరగా మొదలవుతుంది. ఇలాంటి పెట్టెను ఊరికే వదిలేయకుండా వేరే పెట్టెలో కలిపేయడం మేలు.

విడిపోయే గుంపు గురించి పుస్తకం రాసిన తొలితరం వారిలో ఒకరు స్లొవేనియా దేశపు రైతుబిడ్డ ఆంటోన్ యాన్షా. 1734 మే 20న పుట్టారని చెబుతారు. వియన్నాలో మహారాణి మరియా తెరేసా కొలువులో ఈగల పెంపకం నేర్పే పంతులుగా పనిచేశారు. 1771లో ఆయన అచ్చు వేసిన పుస్తకం పూర్తిగా గుంపు విడిపోవడం మీదే. మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా 2017లో ఐక్యరాజ్యసమితి ప్రకటించడం వెనక ఉన్నది ఆయన జ్ఞాపకమే. ఈగలు పెంచే రైతును దేశమేదైనా కలవరపెట్టే విషయమే ఇది. తేనె ఎలాగూ వస్తుంది, ఈగలు నిలవాలి కదా.

ఎంత చూసుకున్నా ఏడాదిలో ఒకటి రెండు గుంపులు లేస్తాయి. పక్కింటి పెద్దావిడ కేక వేస్తుంది. "అమ్మాయ్, మీ ఈగలు మా చింతచెట్టుకి పట్టేశాయే!" అని. "వస్తున్నాం పిన్నీ, పొగ పెట్టకండి, రాళ్లెయ్యకండి" అనుకుంటూ బుట్ట, నీళ్ల చెంబు పట్టుకుని పరిగెత్తడమే. భయపడనక్కర్లేదని ఊళ్లో అందరికీ చెప్పి ఉంచాలి. బయలుదేరే ముందు ఈగలు కడుపునిండా తేనె తాగి వస్తాయి. కాపలా కాయడానికి వాటికి ఇల్లు లేదు, పిల్లలు లేరు. కాబట్టి ఆ కాసేపు అవి ఎంతో సాధువులు. నీళ్లు చిలకరిస్తే రెక్కలు బరువెక్కి దగ్గరికి ముడుచుకుంటాయి. బుట్ట కింద పట్టి కొమ్మను ఒక్క కుదుపు కుదిపితే గుత్తిగా పడతాయి. రాణి పడిందా లేదా అన్నది మిగతా ఈగలే చెప్తాయి. పడితే అన్నీ బుట్టలోకి నడుచుకుంటూ వస్తాయి, పడకపోతే మళ్లీ కొమ్మకే పోతాయి. సాయంత్రం వేళ పెట్టెలోకి మార్చేటప్పుడు వేరే పెట్టె నుంచి లేత పిల్లలున్న ఫ్రేము ఒకటి తెచ్చి అందులో పెడితే, ఆ పిల్లల్ని వదిలి పోవడానికి ఈగలకు మనసొప్పదు.

కొమ్మ మీద ఆగిన ఆ కాసేపట్లో గుంపు ఊరికే ఉండదు. వందల కొద్దీ ఈగలు నాలుగు దిక్కులా వెళ్లి తొర్రలు వెతుకుతుంటాయి. 1949లో జర్మనీలోని మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రవేత్త ఒక గుంపు మీద నాట్యమాడుతున్న ఈగల్ని చూశారు. కొన్ని మసి పూసుకుని ఉన్నాయి, కొన్నిటి ఒంటినిండా ఎర్ర ఇటుక పొడి, కొన్నిటికి తెల్లటి పిండి. యుద్ధంలో కూలిన ఇళ్ల మధ్య చోటు వెతికి వచ్చినవి అవి. ఏ చోటు మంచిదో నాట్యం ద్వారా ఒకదానికొకటి చెప్పుకుని, ఎక్కువ ఈగలు ఒప్పుకున్న చోటుకే గుంపు కదులుతుందని ఆయన తేల్చారు. అంటే మన చేతిలో ఉన్నది ఈగలు ఒక మాట మీదికి వచ్చేలోపు ఉన్న సమయమే. అది గంట కావచ్చు, మర్నాటి దాకా కావచ్చు. పిన్ని కేక వినగానే అన్నం ముందున్నా లేవాల్సిందే.

గుంపు పోయిన పెట్టెను అదే రోజు తెరిచి చూడండి. రాణి గదులు అయిదో ఆరో ఉంటాయి. ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయకపోతే, ముందు పుట్టిన రాణి మరో గుంపుతో, తర్వాత పుట్టింది ఇంకో గుంపుతో వెళ్తూ పెట్టెను పూర్తిగా పలచన చేసేస్తాయి. తల్లి గుంపు పోయిన నష్టం కన్నా ఈ పిల్ల గుంపుల నష్టం ఎక్కువ.

ఏ పెట్టెను రెండు చేయాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయం. 1991, 92లో దక్షిణాది రాష్ట్రాల్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వచ్చి నాటు ఈగల పెట్టెలు లక్షల్లో ఖాళీ అయ్యాయి. గదిలోని పిల్ల పురుగు ఈగగా మారకుండానే నీళ్లు నిండిన తిత్తై, తల పైకెత్తి చచ్చిపోయేది. ఆ తెగులు నేటికీ అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. దానికి తట్టుకుని నిలబడ్డ పెట్టెల సంతతే మన దగ్గర మిగిలింది. కాబట్టి తెగులు సోకని పెట్టె, కోపం తక్కువున్న పెట్టె, ఏటా ఆఖర్న విడిపోయే పెట్టె, వీటి నుంచే కొత్త రాణుల్ని తీసుకోవాలి. పదేపదే విడిపోయే పెట్టె నుంచి రాణి గది తీసుకుంటే ఆ గుణాన్నే ఇంటికి తెచ్చుకున్నట్టు. తెగులు అనుమానమున్న పెట్టెలోని ఫ్రేమును ఇంకో పెట్టెకు ఎప్పుడూ మార్చకండి.

ఇంటి లెక్క ఇలా వేసుకోవచ్చు. ఉన్నవాటిలో బలమైనవి మూడింట రెండొంతులు తేనెకు, మిగిలినవి పిల్ల పెట్టెలకు. తేనెకని అనుకున్న పెట్టెకు ముందే పై అర ఇచ్చేయాలి. పిల్ల పెట్టెకని అనుకున్నదాన్ని జనవరి ఆఖర్లోనే, అంటే జీడి పూత నడుమ ఉండగానే విడదీయాలి. పోతు ఈగలు పుష్కలంగా ఉండేది అప్పుడే, కొత్త రాణికి జత దొరికేదీ అప్పుడే. విడదీసిన పెట్టె నుంచి ఆ ఏడు తేనె ఆశించకండి. రెండూ కావాలనుకుంటే రెండూ దక్కవు.

ఇక తేనె తీయడం. ఈగ తెచ్చే మకరందంలో సగానికి పైగా నీరే. రెక్కలతో విసిరి విసిరి ఆ నీటిని ఆర్పి, బాగా చిక్కబడ్డాక గదికి పలచని మైనపు మూత వేస్తాయి. ఆ మూతే మనకు అనుమతి. ఫ్రేములో నాలుగింట మూడొంతుల గదులకు మూత పడితేనే తీయాలి. మన వైపు సముద్రపు గాలి, తేమ ఎక్కువ. మూత పడని తేనె తీస్తే నెల తిరక్కుండానే పులుస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. నాటు ఈగ తేనె మన తీరంలో ఆ గీతకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే మబ్బు పట్టిన రోజున తీయవద్దు. మంచు ఆరి, ఎండ ముదిరాక తీయండి.

తీసే రోజు మా ఇంట్లో వంటగది ఖాళీ చేస్తాం. కిటికీలకు దోమతెర బిగిస్తాం. మా ఆయన పై అర ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా తీసి, ఈగల్ని మెత్తటి బ్రష్షుతో పెట్టె ముందే దులిపి, మూతున్న డబ్బాలో పెట్టి అందిస్తారు. వేడినీళ్లలో ముంచి గుడ్డతో పొడిగా తుడిచిన కత్తిని ఫ్రేము మీద కింది నుంచి పైకి నడిపితే మైనపు మూత రిబ్బనై చుట్టుకుపోతుంది. కత్తి తుడవడం మరిచిపోతే ఆ తడి అంతా తేనెలోకే. ఫ్రేముల్ని తేనె తీసే యంత్రంలో నిలబెట్టి మొదట నెమ్మదిగా తిప్పాలి. నాటు ఈగ పట్టు లేతది, ఒక్కసారి జోరు పెంచితే చిరిగిపోతుంది. ఒకవైపు సగం తీసి, ఫ్రేము తిప్పి రెండోవైపు పూర్తిగా తీసి, మళ్లీ మొదటివైపు తీస్తే పట్టు దక్కుతుంది. ఆ పట్టు దక్కడమే ముఖ్యం. దాన్ని అదే సాయంత్రం చీకటి పడుతుండగా పెట్టెకు తిరిగి ఇస్తే, ఈగలు మైనం మళ్లీ కట్టే శ్రమ లేకుండా తేనె నింపుకుంటాయి. పట్టపగలు ఇస్తే వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పిల్లలున్న ఫ్రేమును యంత్రంలో పెట్టడం, పట్టు మొత్తం కోసి పిండటం, ఈ రెండూ చేయకండి. పిల్లల రసం కలిసిన తేనె నిలవ ఉండదు, ఆ పెట్టె కూడా నిలవదు.

తీసిన తేనెను పలచని గుడ్డలో వడగట్టి, రెండు రోజులు మూత పెట్టి కదపకుండా ఉంచితే నురగ, మైనం పైకి తేలుతాయి. మరిగించడం వద్దు. వేడి ఎక్కువైతే తేనె గుణం చెడుతుంది, ప్రయోగశాల పరీక్షలో అది బయటపడుతుంది కూడా. చలికి గడ్డకట్టడం మాత్రం కల్తీ గుర్తు కాదు, అది తేనెలోని గ్లూకోజు సహజగుణం. అగ్గిపుల్ల వెలిగించి చూడటం, నీళ్ల గ్లాసులో చుక్క వేసి చూడటం, వీటితో కల్తీ తేలదు. ఇక్కడే ఇంకో మాట. ఏడాది నిండని పసిబిడ్డలకు తేనె నాకించకండి. ఎంత మంచి తేనెలోనైనా పసికందు పేగులు తట్టుకోలేని క్రిమిబీజాలు ఉండే వీలుంది.

మన అనకాపల్లిలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి. మనది బెల్లం ఊరు. చెరకు పరిశోధన కేంద్రం ఇక్కడ 1913లోనే వెలిసింది. జీడి పూత ఉన్న నెలల్లోనే ఊరూరా గానుగలాడుతుంటాయి, పెనాల్లో రసం మరుగుతుంటుంది. ఆ వాసనకు ఈగలు పోతాయి. కొన్ని పాకంలో పడి చస్తాయి, మిగతావి చెరకు రసం కడుపున నింపుకుని వచ్చి గదుల్లో పోస్తాయి. రైతు ఒక్క చెంచా చక్కెర కలపకపోయినా ఆ తేనెలో చెరకు చక్కెర చేరుతుంది. గాలిలోని కార్బన్‌ను చెరకు, మొక్కజొన్న ఒక పద్ధతిలో తీసుకుంటాయి, జీడి, మామిడి, వేప, చింత మరో పద్ధతిలో తీసుకుంటాయి. అందువల్ల వాటి చక్కెరల్లో బరువైన కార్బన్ పాలు తేడాగా ఉంటుంది. ప్రయోగశాలలో దాన్ని కొలిచి చెరకు జాతి చక్కెర ఎంతుందో చెప్పేస్తారు. 7 శాతం మించితే కల్తీ కింద లెక్క. నిజాయితీగా తీసిన రైతు తేనె కూడా ఇలా తిరిగొచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి పెట్టెల్ని గానుగలకు కనీసం కిలోమీటరున్నర ఎడంగా, కొండవాలు తోటల వైపు పెట్టుకోండి. నాటు ఈగ మామూలుగా అంతకు మించి దూరం పోదు. గానుగ నడిపే వాళ్లు రసం తొట్టెల మీద సన్నటి వల కప్పితే వాళ్ల బెల్లమూ శుభ్రంగా ఉంటుంది, మన ఈగలూ బతుకుతాయి. ఈ మాట గానుగ మొదలయ్యే ముందే, మంచిగా వెళ్లి అడగండి.

జీడితోటల వాళ్లను అడగాల్సింది ఇంకోటి. పూత మీద టీ దోమ అనే పురుగుకు మందు కొట్టేటప్పుడు ఈగలు ఇంటికి చేరాక, సాయంత్రం పొద్దు వాలాక కొట్టమనండి. ముందు రోజు కబురు చేస్తే ఆ పూట పెట్టెల్ని తడి గోనెతో కప్పుకుంటాం. కాపు నిలవడానికి ఆ ఈగలే కావాలి కాబట్టి సరిగా చెప్తే ఎవరూ కాదనరు.

చివరగా లేమి సంగతి. చింతపూత అయిపోయి, తొలకరి దాటాక మన దగ్గర ఈగలకు మేత తగ్గిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఎగరలేని రోజులు. ఎండాకాలంలో ఆఖరి చుక్క దాకా తేనె తీసిన పెట్టె ఆషాఢంలోనే ఖాళీ అవుతుంది. రాణి గుడ్లు ఆపేస్తుంది, ఉన్న పిల్లలు ఈగలై బయటికొస్తాయి, ఒకరోజు ఒక్క ఈగ లేకుండా వెళ్లిపోతాయి. తెరిచి చూస్తే రాణి గది ఉండదు, పిల్ల ఉండదు, తేనె ఉండదు. కలిమికి లేచిన పెట్టెలో ఇవన్నీ ఉంటాయి, లేమికి లేచిన దాంట్లో ఏదీ ఉండదు. తేడా అక్కడే తెలుస్తుంది. అందుకని కింద అరలోని తేనె ఎప్పుడూ ఈగలదే అనుకోండి. మే నెల దాటాక పై అర తేనెలో కూడా చివరి ఫ్రేములు ముట్టకండి. అక్టోబరు, నవంబరు దాకా మన తీరానికి తుపాన్ల భయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు పెద్ద చెట్లే కూలిపోయాయి, పూత మాట చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో పెట్టెలో ఉన్న తేనె తప్ప ఈగకు వేరే ఆధారం ఉండదు.

వానాకాలంలో ఈగలు పట్టని ఫ్రేముల్ని తీసి మూతున్న డబ్బాలో దాచండి, లేకపోతే మైనపు పురుగు చేరుతుంది. పెట్టె కాళ్ల కింద నీళ్ల ముంతలు చీమలు దాటకుండా నిండుగా ఉంచండి. పెట్టెను ఎత్తి చూస్తే తేలికగా ఉందనిపించినప్పుడు చక్కెర నీళ్లు సమపాళ్లలో కలిపి, చీకటి పడ్డాక, లోపలే పెట్టండి. చక్కెర నీళ్లు పెట్టే ముందు, ఖాళీ అయిన పై అర తీసేయాలి. ఉంటే ఆ చక్కెర అందులో చేరి, తర్వాత తేనె పేరున మన సీసాలోకి వస్తుంది. కార్తీకంలో రాణి మళ్లీ జోరుగా గుడ్లు పెడుతున్నట్టు, పుప్పొడి వస్తున్నట్టు కనబడితే చక్కెర నీళ్లు ఆ రోజుతో ఆపేయండి. పై అరను శుభ్రం చేసి ఎండలో ఆరబెట్టి ఉంచుకోండి. మొదటి జీడి గుత్తి విచ్చుకున్నాకే దాన్ని పెట్టె మీదికి ఎక్కించండి.